సీసమున నిలిచిన తెలుగు వ్రాత

నూఱేండ్లకు ముందు అచ్చుపడిన కొన్ని తెలుగు పుస్తకములను తెఱచినచో ‘ధర్మము’ అను మాట ‘ధమ౯ము’ అని కనబడును. నేటి చదువరి ఆ గుర్తును తొమ్మిదవ అంకెయని భ్రమించుట కలదు. అది అంకె కాదు; మకారమునకు ముందు పలుకవలసిన రేఫమునకు గుర్తు. దానికి వలపలగిలక యని పేరు. ఒకనాడు చదువు నేర్చిన వారెల్లరు ఎఱిగిన యీ గుర్తు నేడు పండితులకు తప్ప తెలియదు. దీనిని ఎవరును శాసనము చేసి నిషేధింపలేదు. అచ్చుపుటలనుండి అది క్రమముగా తొలగినది. పుటనుండి తొలగినది చేతివ్రాతనుండియు తొలగినది. ఒక భాషకు ఏ యక్షరములు నిలుచునో, ఏవి జాఱిపోవునో నిర్ణయించుటలో కవికిని వైయాకరణునికిని వలెనే, ఉక్కుముక్కపై అక్షరమును చెక్కిన పనివానికిని పాలు కలదు. ఆ పనివాని కథను కొంత విచారింతము.

అచ్చునకు పూర్వము మన గ్రంథములకు ఆధారము తాటియాకు, సాధనము గంటము. ఆకు నారవెంబడి అడ్డగీతను గట్టిగా గీచినచో ఆకు చీలును. కావుననే మన లిపి గుండ్రదనమును పొందెనని పెద్దలు చెప్పుదురు. తాళపత్రములలో పదమునకును పదమునకును ఎడము లేదు. పద్యపాదము ఎచట ముగిసెనో చదువరియే గ్రహింపవలెను. లేఖకుడు మాఱినచో అక్షరపు పోకడయు మాఱెడిది. తెలుగు కన్నడములు రెండును ఒక్క లిపినుండి పుట్టినవే; ప్రాత వ్రాతలలో ఆ రెంటి నడుమ ఎల్ల నేటివలె స్పష్టముగా నుండెడిది కాదు.

తెలుగు మొట్టమొదట అచ్చుపడినది తెలుగునేలపై కాదు. జర్మనీ దేశమున హాలె పట్టణమున అచ్చుపడినది. తరంగంబాడి మిషనునుండి మద్రాసునకు వచ్చి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు 1743లో స్వదేశమునకు మరలి, 1746, 1747 సంవత్సరములలో అచట కొన్ని క్రైస్తవ గ్రంథములను తెలుగున ముద్రింపించెను. మన గడ్డను ఎన్నడును చూడని పనివారు మన తలకట్టును, మన కొమ్మును, మన సుడిని లోహమున పోయవలసి వచ్చెను.

ఆ పని ఎంత కష్టమైనదో తెలియుటకు అక్షరము పుట్టు విధమును ఎఱుగవలెను. ముందుగా ఉక్కుకడ్డీ కొనయందు అక్షరమును తలక్రిందుగా గాక, అద్దములో కనబడునట్లు ఎడమ కుడియై యుండునట్లు చెక్కుదురు. ఆ కడ్డీకి పదునుపెట్టి రాగిముక్కపై మోదినచో అందు అచ్చుగుంట యేర్పడును. ఆ గుంటలో సీసము, తగరము, అంజనము కలిపి కరిగించిన లోహమును పోసినచో అక్షరపు దిమ్మ సిద్ధమగును. ఇంగ్లీషునకు పెద్దవి చిన్నవి కలిపి 52 అక్షరములు చాలును. తెలుగున హల్లులు 35. ఒక్కొక్కదానికి గుణితపు రూపములు పండ్రెండని యెంచినను 400 దాటును. ఒత్తులు వేఱు, సంయుక్తములు వేఱు. కొన్నింటిని ముక్కలుగా పోసి కూర్చుకొన్నను, కంపోజిటరు ఎదుట నిలిచిన పెట్టెలో అరలు వందలకొలది యుండవలసినదే.

వంగదేశమున శ్రీరామపురపు మిషను ముద్రణాలయము 1800లో నెలకొన్నది. అచట విలియం కేరీ కోరగా పంచానన కర్మకారుడును, ఆయన అల్లుడు మనోహరుడును పెక్కు దేశభాషలకు అక్షరములను చెక్కిరి. 1812 మార్చి 11వ తేదిన ఆ ముద్రణాలయము తగులబడెను. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు ఆ మంటలలో బూడిదయైనది. అయినను ఉక్కుకడ్డీలు బూడిదనడుమ చెడక దొరకినవి. కరిగి ముద్దయైన లోహముతోనే తిరిగి అక్షరములు పోసిరి. రెండేండ్లకు, అనగా 1814లో, ఆ వ్యాకరణము మరల వ్రాయబడి వెలువడినది. కాగితము కాలిపోయినను పనివాని చేతిపని నిలిచినది.

పిమ్మట ఈ పని మద్రాసునకు చేరినది. కాంబెల్ దొర వ్యాకరణము 1816లోను, సి. పి. బ్రౌను ప్రకటించిన వేమన పద్యములు 1829లోను, ఆయన నిఘంటువు 1852లోను అచట అచ్చుపడినవి. 1835 నాటి చట్టము ముద్రణకు స్వేచ్ఛ నొసగిన తరువాత దేశీయుల అచ్చుకూటములు పెరిగి, పురాణములును శతకములును సామాన్య గృహములకు చేరినవి. పదములనడుమ ఎడము వచ్చినది, పద్యపాదములు విడివడినవి, అక్షరరూపములు స్థిరపడి, తెలుగు కన్నడముల భేదము కంటికి నిలుకడగా కనబడినది. ఇవి గొప్ప లాభములు. నష్టమును కలదు. వలపలగిలకతోపాటు నకారపు పొల్లు, అరసున్న, దంత్య చజలు క్రమముగా వాడుకకు దూరమైనవి. ‘చలి’ యందలి చకారమును, ‘చెలి’ యందలి చకారమును నాలుక వేఱుగా పలుకుచున్నను పుట వానికి ఒక్కటే రూపము నిచ్చుచున్నది.

నేడు సీసపు దిమ్మల కాలము గతించినది, కంప్యూటరు వచ్చినది. 1991లో యూనికోడు అను సార్వదేశిక అక్షరపట్టికలో తెలుగునకు స్థానము లభించినది. దంత్య చజలకు 2008లోను, నకారపు పొల్లునకు 2021లోను అందు చోటు కలిగినది. చేతివ్రాతయు ఓడిపోలేదు. చిత్రకారుడు బాపు (1933–2014) కుంచెతో వ్రాసిన అక్షరములు ముఖపత్రములను, శుభలేఖలను అలంకరించి, పిమ్మట వాని పోలికతో కంప్యూటరు అక్షరములును వెలసినవి.

పట్టికలో చోటు దొరకుట ప్రాణము వచ్చుట కాదు. నకారపు పొల్లు ఎట్లు వంగునో, ఎంత యెత్తున నుండునో క్రొత్తగా చిత్రించువారికి ప్రాత పుటయే గురువు. ఆ పుటలు మన యిండ్ల అటకలపై, దేవతార్చన పెట్టెలలో చెదలకు ఆహారమగుచున్నవి. అందలి కథ వేఱొక ముద్రణలో దొరకవచ్చును, అక్షరము దొరకదు. కావున ముత్తాతగారి భాగవతమును తూకమునకు వేయబోవు గృహస్థులు ఒక్కమాఱు ఆగి, ఆ వ్రాతను పిల్లలకు చూపి, సమీప గ్రంథాలయమున చేర్చుదురేని తెలుగు లిపికి వారు చేసిన ఉపకారము చిన్నది కాదని మా విశ్వాసము.