గుండ్లకమ్మ నుంచి సైబరాబాద్ దాకా: వాక్యం, సేవ

తెలుగు నేలలో క్రైస్తవం ఎలా వేళ్లూనుకుందని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. మిషనరీలు బైబిలు తెచ్చారు, బోధించారు, జనం మారారన్నది సంఘ చరిత్రలు చెప్పేది. కరువులో గంజి పోసి మార్చుకున్నారన్నది బయట వినిపించే మాట. ఒకటి వాక్యాన్నే చూస్తుంది, ఇంకొకటి సాయాన్నే చూస్తుంది. ఆ వాక్యాన్ని గుండెలో పెట్టుకుని ఊరూరా మోసిన పల్లె జనం రెండింటిలోనూ కనిపించరు. హైటెక్ సిటీ చుట్టూ ఇవాళ పెరుగుతున్న విశ్వాస జీవితాన్ని అంచనా కట్టాలంటే ముందు వాళ్ల సంగతి తెలియాలి.

తొలి అంకం చాలామందికి తెలిసిందే. మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1732 నాటికే తెలుగు బైబిలు అనువాదం ముగించినా అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్‌లకు అనువాదంలో ఆనందరాయర్ తోడయ్యారు. ఆ ఇద్దరూ చనిపోయాక, 1812లో శ్రీరాంపూరులో సువార్తలు అచ్చయ్యాయి. అయితే అక్షరం రాని ఇళ్లలోకి వాక్యం వెళ్లింది పుస్తకంగా కాదు, పాటగా. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలకు, అలా వాక్యాన్ని మోసినందుకు దక్కాల్సిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదు.

అసలు వివాదం ఒంగోలు దగ్గర. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు రెండేళ్లుగా ఆ ప్రాంతాన్ని మహా కరువు పీల్చి పిప్పి చేసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, కరువే కారణమని తేల్చేస్తారు. తేదీలు దానికి ఒప్పుకోవు.

ఒంగోలు ప్రాంతపు మాదిగల్లో ఈ కదలిక మొదలైంది 1866లో, కరువుకు పదేళ్ల ముందు. తాళ్లకొండపాడుకు చెందిన తోళ్ల వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య ఆ ఏడాది బాప్తిస్మం పొందాడు. అంతకుముందే ఆయన రాజయోగ మార్గంలో గురువును ఆశ్రయించి సాధన చేసినవాడు. అంటే ఆకలి ముందే ఉంది, అది పొట్టకు సంబంధించింది కాదు. తోళ్లు కొంటూ, చెప్పులు కుడుతూ, బంధువుల ఇళ్లలో రాత్రిళ్లు కూర్చుని ఆయనా ఆయనలాంటివాళ్లూ యేసు కథ చెప్పారు. కరువు వచ్చేనాటికే ఒంగోలు సంఘంలో వేలమంది ఉన్నారు.

వాళ్లు చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువుల మాంసం ముట్టకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఆదివారం పనికి రానంటే భూస్వామి ఊరుకోడు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతా ఎదురు తిరుగుతుంది. తిండి గింజల కోసం వచ్చినవాళ్లు ఇలాంటి షరతులకు తలొగ్గి నిలబడ్డారనడం నమ్మశక్యంగా లేదు.

కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. మేస్త్రీలుగా నిలబడింది తెలుగు బోధకులే. జనం పలుగూ పారా పక్కన పెట్టి సేద తీరే వేళ, ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్లను పిలిచే మత్తయి సువార్త మాటలను వాళ్లే వినిపించారు. సాయం అందుతున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. దాదాపు 15 నెలలు ఆపేశారు. సాయం ముగిశాకే జనం నదికి వచ్చారు. ఆ రోజు నీళ్లలోకి దిగి బాప్తిస్మమిచ్చింది కూడా ఆయన కాదు, ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా.

కరువుకు ఏ పాత్రా లేదనడమూ పొరపాటే. కాలువగట్టున కుదిరిన నమ్మకం లేకపోతే అంతమంది ఒక్కసారిగా వచ్చేవారు కాదు. మనిషిగా గుర్తింపు దొరుకుతుందన్న ఆశ కూడా అందులో ఉంది. ఆ ఆశను ఆత్మీయం కాదని పక్కన పెట్టేవారితో ఏకీభవించలేం.

తర్వాతి ఘట్టాల్లో 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య, 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి ప్రసిద్ధమే. హైదరాబాద్ వరకు చూస్తే అంతకన్నా ముఖ్యమైంది గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను మందిరం. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త్ సింగ్ (మరణం 2000) అక్కడ నడిపిన పరిశుద్ధ సమాజ కూడికల్లో గంటల తరబడి వాక్యధ్యానం సాగేది. ఆ వెంటనే చాపల మీద బంతులు. కులమేదైనా, హోదా ఏదైనా పక్కపక్కనే భోజనం.

1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక కోస్తా, తెలంగాణ జిల్లాల క్రైస్తవ యువత మాదాపూర్, కొండాపూర్‌లకు చేరింది. విద్యార్థి సహవాసాల్లో రోజూ బైబిలు చదవడం అలవడినవాళ్లు ఫ్లాట్లలో గృహ కూడికలు పెట్టుకున్నారు. హఫీజ్‌పేటలో సతీష్ కుమార్ స్థాపించిన కల్వరి టెంపుల్ 2013 నాటికి భారీ మందిరం కట్టింది. అయినవాళ్లు లేని నగరంలో ఇలాంటి సంఘాలు మనుషుల్ని నిలబెడుతున్న మాట నిజం, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

అయినా కొన్ని అభ్యంతరాలున్నాయి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. దీవెన మాట కార్డు మీదికెక్కుతుంది. ఆ అధ్యాయంలోనే ఉన్న గద్దింపు, పేదవాడి కూలి ఎగ్గొట్టొద్దన్న ప్రవక్త హెచ్చరిక ఎక్కవు. ఫోన్‌లో పొద్దున్నే వచ్చే వాక్యం ఒక్కరికే వస్తుంది, దాని మీద ప్రశ్నించే తోటివాడు ఉండడు. సేవ అంటే క్రిస్మస్ ముందు దుప్పట్లు పంచడం, ఆ ఫొటో గ్రూపులో పెట్టడం అనుకునే సంఘాలు పెరిగాయి. దుప్పటి అందుకున్న మనిషి పేరు ఆ గ్రూపులో ఎవరికీ తెలియదు.

గచ్చిబౌలి ఆఫీసుల్లో కాపలా కాసేవాళ్లలో, గదులు ఊడ్చేవాళ్లలో గుండ్లకమ్మ నాటి కుటుంబాల వారసులూ ఉంటారు. ఫ్లాట్లలో జరిగే గృహ కూడికకు వాళ్లను పిలవడం అరుదు. పిలిచినా బోధించమని అడగడం ఇంకా అరుదు. పేరయ్య కాలంలో చెప్పులు కుట్టేవాడు బోధకుడు కాగలిగాడు. సైబరాబాద్ సంఘాలు తమ నాయకత్వంలో ఆ మనిషికి ఇంకా చోటివ్వలేదు.