బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్
రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా అమెరికన్ సంస్థ హెచ్‌బీఓ 2001 సెప్టెంబరు 9 నుంచి ప్రసారం చేసిన పది భాగాల టీవీ ధారావాహిక. చరిత్రకారుడు స్టీఫెన్ ఆంబ్రోస్ 1992లో వెలువరించిన పుస్తకం దీనికి ఆధారం. నిర్మాణ సారథులు స్టీవెన్ స్పీల్‌బర్గ్, టామ్ హాంక్స్. అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్‌లోని ‘ఈజీ’ కంపెనీ పారాట్రూపర్ల శిక్షణ, నార్మండీలో దిగడం, ఆపై యుద్ధం ముగిసేదాకా వారి ప్రయాణం ఇందులోని కథ. ఆ కంపెనీ అధికారి రిచర్డ్ వింటర్స్ పాత్రను డేమియన్ లూయిస్ పోషించాడు.

పోరాట ఘట్టాలకన్నా బెల్జియంలోని బాస్టోన్ దగ్గర సాగే భాగమే బలమైనది. మంచు కప్పిన అడవిలో వైద్య సహాయకుడు యూజీన్ రో కందకం నుంచి కందకానికి తిరుగుతూ మార్ఫిన్, కట్టుగుడ్డలు, ఆఖరికి ఒక కత్తెర కోసం తోటివారిని అడుగుతుంటాడు. చాలా భాగాల మొదట్లో నిజమైన సైనికులే వృద్ధాప్యంలో మాట్లాడతారు. వారి పేర్లు చివరి భాగం దాకా చెప్పరు.

పొరపాట్లూ లేకపోలేదు: కంపెనీ సైనికుడు ఆల్బర్ట్ బ్లైత్ 1948లో చనిపోయాడని చూపారు, నిజానికి ఆయన 1967 దాకా జీవించాడు.

2002 నవంబరులో ఆరు డిస్కుల డీవీడీ సెట్ రేకు పెట్టెలో వచ్చింది, 2008లో బ్లూరే. అసలు సైనికులపై తీసిన డాక్యుమెంటరీ కూడా డీవీడీ సెట్‌లో ఉంది.