‘సర్వర్ డౌన్’ అంటే ప్రతిసారీ సర్వరేనా? వందల కంప్యూటర్ల ఫైర్‌వాల్‌ను ఒకే చోట నుంచి ఎలా నడుపుతారు?

అనంతపురం జిల్లాలో సచివాలయానికి పని మీద వెళ్లినవారికి ‘సర్వర్ పనిచేయట్లేదు, రేపు రండి’ అన్న మాట కొత్తేమీ కాదు. అడంగల్ కోసమో, ఆదాయ ధ్రువపత్రం కోసమో పని మానుకుని వచ్చిన మనిషికి ఆ ఒక్క మాటతో ఆ రోజు కూలి పోయినట్టే. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఈ కరవు నేలలో ఒక రోజు కూలి చిన్న సంగతి కాదు.

అయితే పని ఆగిన ప్రతిసారీ తప్పు సర్వర్‌దే కానక్కర్లేదు. ఒక్కోసారి సర్వర్ బాగానే నడుస్తుంటుంది. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్‌లో ఒక రూల్ తప్పుగా మారి దారి మూసుకుపోయి ఉంటుంది. ఆ రూల్స్‌ను వందల కంప్యూటర్లలో ఎలా రాస్తారు? ఎలా మారుస్తారు? తప్పు జరిగితే ఏమవుతుంది?

కట్ట, తూము

రాయలసీమలో ఫైర్‌వాల్ గురించి చెప్పాలంటే చెరువే తేలికైన ఉదాహరణ. కట్ట నీటిని ఆపుతుంది. తూము ఎప్పుడు తెరవాలో, ఎంత వదలాలో నీరుగంటి చూసుకుంటాడు. కంప్యూటర్‌లోకి వచ్చే, బయటికి పోయే సమాచారానికి ఫైర్‌వాల్ కట్ట లాంటిది. తూముల్లాంటివే పోర్టులు. వీటికి 65,535 వరకు నంబర్లు ఉంటాయి. మనం రోజూ చూసే వెబ్‌సైట్లకు 443, లినక్స్ సర్వర్‌ను దూరం నుంచి నడిపే ఎస్ఎస్‌హెచ్‌కు 22, విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి 445, రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389. ఎవరి నుంచి ఏ పోర్టుకు రానివ్వాలి, ఎవరిని ఆపాలి అని చెప్పే ఒక్కో ఆదేశమే ఒక రూల్. అన్నీ మూసేసి, అవసరమైనవి మాత్రమే తెరవడం మంచి పద్ధతి.

ఆఫీసు నెట్‌వర్క్ మొదట్లో పెద్ద ఫైర్‌వాల్ ఒకటి పెడితే చాలని చాలామంది అనుకుంటారు. చాలదని 2017లోనే తెలిసింది. ఆ ఏడాది మే 12న ప్రపంచమంతా పాకిన వాన్నాక్రై ర్యాన్సమ్‌వేర్ బారిన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా పడ్డాయి. అది ఒక కంప్యూటర్‌లోకి చేరాక, 445 పోర్టు తెరిచి ఉన్న పక్క కంప్యూటర్లను తానే వెతుక్కుంటూ పోయింది. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. ప్యాచ్ వేసుకోని చోట్ల కూడా ఒక్కో కంప్యూటర్‌లో ఆ పోర్టు మూసి ఉంటే, లోపల్లోపల పాకే దారి దానికి దొరికేది కాదు. అనంతపురం జిల్లాకు కరెంటు సరఫరా చేసే ఏపీఎస్పీడీసీఎల్‌తో పాటు రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలపై 2019లో ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు వాటి వెబ్‌సైట్లు ఆగిపోయాయి.

అంటే ఫైర్‌వాల్ గుమ్మం దగ్గర ఒకటి ఉంటే సరిపోదు, ప్రతి కంప్యూటర్‌లోనూ ఉండాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలే రాష్ట్రంలో దాదాపు 15 వేలు. అందులో ఒక్క జిల్లాను తీసుకున్నా కంప్యూటర్ల సంఖ్య వందల్లో ఉంటుంది. ఒక్క నీరుగంటి ఇన్ని తూముల దగ్గరికి ఎలా తిరగగలడు?

చేత్తో చేస్తే ఏమవుతుంది?

చేత్తో చేసే పని మొదటి రోజు బాగానే ఉంటుంది. తర్వాత ఒక చోట ప్రింటర్ పనిచేయలేదని ఎవరో ఒక పోర్టు తెరుస్తారు. ఇంకోచోట సాఫ్ట్‌వేర్ కంపెనీ టెక్నీషియన్ ఫోన్ చేసి ‘ఒక్క గంట 3389 తెరవండి సార్’ అంటాడు. ఆ గంట ఏడాది అయినా ముగియదు. తాత్కాలికం అని చెప్పి తెరిచిన పోర్టులు ఆ తెరిచిన వ్యక్తికి బదిలీ అయ్యాక కూడా అలాగే ఉండిపోవచ్చు. కొంతకాలానికి ఏ రెండు కంప్యూటర్లలోనూ రూల్స్ ఒకేలా ఉండవు. ఏది ఎందుకు తెరిచారో చెప్పేవారు ఎవరూ మిగలరు.

దీనికి పరిష్కారంగా వచ్చినవే ఆటోమేషన్ టూల్స్. 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. విండోస్ కంప్యూటర్లు మాత్రమే ఉన్న ఆఫీసుల్లో మైక్రోసాఫ్ట్ గ్రూప్ పాలసీతోనూ ఈ పని జరుగుతుంది. వీటన్నిటి వెనుక ఆలోచన ఒకటే. ‘ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి’ అని చెప్పకుండా, ‘చివరికి ఇలా ఉండాలి’ అని ఒక ఫైల్‌లో రాసిపెడతారు. టూల్ ప్రతి కంప్యూటర్‌ను చూసి, తేడా ఉంటేనే సరిచేస్తుంది, లేకపోతే ముట్టుకోదు. అందుకే ఒకే ఫైల్‌ను పదిసార్లు నడిపినా నష్టం లేదు.

యాన్సిబుల్‌లో ఆ ఫైల్‌ను ప్లేబుక్ అంటారు. అవతలి కంప్యూటర్లలో దీని కోసం ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వేయనక్కర్లేదు. లినక్స్ అయితే ఎస్ఎస్‌హెచ్ ద్వారా, విండోస్ అయితే సాధారణంగా విన్‌ఆర్‌ఎం ద్వారా వెళ్లి పని చేసి వస్తుంది. పప్పెట్ పద్ధతి వేరు. ప్రతి కంప్యూటర్‌లో ఒక ఏజెంట్ ఉండి, మామూలుగా ప్రతి 30 నిమిషాలకు తానే సర్వర్‌ను అడిగి సరిచూసుకుంటుంది. ఎవరైనా చేత్తో పోర్టు తెరిచినా, ఆ రూల్ పప్పెట్ చూసే జాబితాలో ఉంటే అరగంటలో మళ్లీ మూసుకుపోతుంది.

నన్నడిగితే వీటి అసలు లాభం వేగం కాదు, ఆ ఫైల్. దాన్ని గిట్ లాంటి చోట పెడితే ఏ రూల్‌ను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాతపూర్వకంగా ఉంటుంది. మార్పును ఇంకొకరు చదివి సరే అన్నాకే అమలు చేయొచ్చు. ప్రభుత్వ ఆఫీసులో నోట్ ఫైల్ నడిచినట్టే అన్నమాట. కాకపోతే ఇది కొంచెం వేగంగా నడుస్తుంది.

తెలియక పడే గుంతలు

మొదటిది, ఫైల్‌లో లైన్ తీసేస్తే పోర్టు మూసుకుపోతుందనుకోవడం. యాన్సిబుల్ తనకు చెప్పిందే చేస్తుంది, చెప్పనిదాన్ని వదిలేస్తుంది. నిన్న 3389 తెరవమని రాసి, ఈరోజు ఆ లైన్ చెరిపేస్తే పోర్టు తెరిచే ఉంటుంది. ‘ఇది ఉండకూడదు’ అని విడిగా రాయాలి. ఫైల్‌లో లేని రూల్స్ అన్నిటినీ తుడిచేసే సదుపాయం పప్పెట్‌లో ఉంది. కానీ అవసరమై ఎవరో చేత్తో పెట్టిన రూల్ కూడా దాంతో పాటే పోతుంది.

రెండోది కరెంటుతో ముడిపడిన సమస్య. లినక్స్‌లోని ఫైర్‌వాల్‌డీలో ఇప్పటికిప్పుడు అమలయ్యే రూల్స్ వేరు, శాశ్వతంగా నిలిచే రూల్స్ వేరు. శాశ్వతం అని చెప్పడం మరిస్తే రూల్ ఇప్పుడు పనిచేస్తుంది, కరెంటు పోయి కంప్యూటర్ మళ్లీ ఆన్ అయ్యాక మాయమవుతుంది. నిన్నటి వరకు నడిచిన సర్వీసు ఈరోజు పొద్దున్నే ఆగిపోయిందంటే ముందుగా చూడాల్సింది ఇదే.

మూడోదే అన్నిటికన్నా ప్రమాదం. ‘అన్నీ మూసెయ్’ అన్న రూల్ ముందు అమలై, ‘22ను మాత్రం తెరిచి ఉంచు’ అన్న రూల్ వెనకబడితే, దూరం నుంచి పనిచేస్తున్న ఇంజనీర్ తన దారినే తాను మూసుకుంటాడు. ఇక సరిచేయాలంటే మనిషి ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్లాల్సిందే. అనంతపురం నుంచి రాయదుర్గం దాటి డి.హీరేహాళ్ వైపు, కర్ణాటక సరిహద్దు దాకా వెళ్లి రావడమంటే ఒక రోజు పని. ఒక్క కంప్యూటర్ అయితే సరే. ఆటోమేషన్‌లో ఆ తప్పు వందల కంప్యూటర్లకు నిమిషాల్లో చేరిపోతుంది. చేత్తో చేసే తప్పు ఒక ఊరికే పరిమితం, టూల్‌తో చేసే తప్పు జిల్లా అంతటికీ పాకుతుంది.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. ఫైర్‌వాల్ వల్ల కాదు కానీ, నెట్‌వర్క్ నిర్వహణలో ఇచ్చిన ఒక తప్పు కమాండ్ వల్ల. అలాంటి కమాండ్లను ఆపాల్సిన తనిఖీ ప్రోగ్రామ్‌లోనూ లోపం ఉంది. సరిచేయడానికి వాడే లోపలి టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో ఇంజనీర్లు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది.

అందుకే జాగ్రత్తపరులు ముందు చెక్ మోడ్‌లో నడుపుతారు. ఏం మారబోతోందో అది చూపిస్తుంది, ఏదీ మార్చదు. తర్వాత ఒక్క కంప్యూటర్, ఆపైన ఒక మండలం, చివరికి జిల్లా. ఇలా విడతలుగా పంపే ఏర్పాటు యాన్సిబుల్‌లోనే ఉంది. దారి మూసుకుపోయే ప్రమాదానికి విరుగుడూ ఉంది. జునిపర్ పరికరాల్లో ‘కమిట్ కన్ఫర్మ్‌డ్’ అని ఇస్తే, పది నిమిషాల్లోగా ‘సరే’ అనకపోతే పాత సెట్టింగే వెనక్కి వస్తుంది. లినక్స్‌లో ఐపీటేబుల్స్ అప్లై అనే ప్రోగ్రామ్ ఇదే పనిని సెకన్ల వ్యవధితో చేస్తుంది. పింఛన్లు పంచే రోజుకు ముందు రాత్రి మాత్రం ఏ మార్పూ చేయకపోవడమే మేలు. దానికి ఏ టూలూ అక్కర్లేదు.

ఇంకొకటి. అన్ని కంప్యూటర్లలోకి వెళ్లే తాళాలు ఈ టూల్ నడిచే కంప్యూటర్‌లో ఉంటాయి. దాడి చేసేవారికి అది దొరికితే మిగతావాటితో పనిలేదు. దాని భద్రతే అన్నిటికన్నా గట్టిగా ఉండాలి.

లాగ్స్ విషయంలో చట్టం కూడా ఉంది. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి గమనించిన ఆరు గంటల్లోగా తెలపాలి, లాగ్స్‌ను 180 రోజులు భద్రపరచాలి, కంప్యూటర్ల గడియారాలు సరిగ్గా కలిసి ఉండాలి. గడియారం తప్పుగా ఉంటే ఏ కంప్యూటర్ మీద ముందు దాడి జరిగిందో లాగ్ చూసినా తేలదు. వందల కంప్యూటర్లలో ఈ రెండు సెట్టింగులనూ అదే ప్లేబుక్‌లో చేర్చవచ్చు.

మీ దగ్గర ఎలా తెలుసుకోవాలి?

ఆఫీసు వైఫైలో తెరుచుకోని సైట్ మీ ఫోన్ డేటాతో తెరుచుకుంటే, సర్వర్ బాగానే ఉన్నట్టు. అడ్డు మీ ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉండే అవకాశం ఎక్కువ. పేజీ చాలాసేపు తిరిగి తిరిగి చివరికి ‘టైమ్ అవుట్’ అంటే, ఫైర్‌వాల్ చప్పుడు లేకుండా ఆపుతోందని అనుమానించవచ్చు. వెంటనే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వస్తే అవతలి కంప్యూటర్ వరకు చేరారు కానీ ఆ సర్వీసు ఆగిపోయి ఉండొచ్చు, లేదా ఫైర్‌వాలే కుదరదని చెప్పి ఉండొచ్చు. ఫిర్యాదు చేసేటప్పుడు ‘సర్వర్ డౌన్’ అనే బదులు ఈ వివరం, సమయంతో సహా చెబితే అవతలివారికి సగం పని తగ్గుతుంది.

ఐదారు కంప్యూటర్లున్న నెట్ సెంటర్‌కో, ట్యూషన్ సెంటర్‌కో యాన్సిబుల్ అక్కర్లేదు. విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్ పాలసీ’ ఉంటుంది. ఒక కంప్యూటర్‌లో రూల్స్ సరిచూసి, ఆ ఫైల్‌ను మిగతావాటిలో ఇంపోర్ట్ చేస్తే చాలు. ఇంపోర్ట్ చేయగానే అక్కడున్న పాత రూల్స్ పోతాయి కాబట్టి ముందుగా వాటిని కూడా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.