ఆత్మప్రీతి, కృతజ్ఞత: నిత్యానుష్ఠానంలో రెండు ప్రాచీన ధారలు



రెండు సంవత్సరాల క్రితం మాఘమాసంలో ఒక రాత్రి, పవళింపు సేవ ముగించి ఆలయద్వారం మూయబోతుండగా, మంటపస్తంభానికి ఆనుకొని కూర్చున్న ఒక యువకుడు కనిపించాడు. పరీక్షలో వరుసగా మూడుసార్లు విఫలుడైనవాడు. "అయ్యగారూ, నా మీద నాకే అసహ్యంగా ఉంది" అన్నాడు. నేను అలవాటు చొప్పున, "నాయనా, నేను అనే భావమే దుఃఖానికి మూలం. దానిని విడిచిపెట్టు" అన్నాను. అతడు మారు పలుకక లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తనను తాను ద్వేషించుకొంటున్నవానికి 'నిన్ను నీవు వదులుకో' అని చెప్పడం శాస్త్రసమ్మతమేనా? ఈ ప్రశ్నే నన్ను మళ్లీ గ్రంథాల వద్దకు నడిపించింది.

శుక్లయజుర్వేదానికి చెందిన బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయం, నాల్గవ బ్రాహ్మణంలో ఒక స్పష్టమైన విధి ఉన్నది. పుత్రునికంటె, విత్తానికంటె, తక్కిన సమస్తానికంటె అంతరతమమైన ఆత్మయే ప్రియతరమనీ, ఆత్మనే ప్రియమైనదిగా ఉపాసించాలనీ శ్రుతి చెబుతున్నది. ఇక్కడ ఆత్మప్రీతి దోషం కాదు, ఉపాసన. అదే ఉపనిషత్తులో గృహస్థాశ్రమాన్ని విడువబోతూ యాజ్ఞవల్క్యమహర్షి మైత్రేయికి చేసిన ఉపదేశం రెండుమార్లు, రెండవ, నాల్గవ అధ్యాయాలలో, వస్తుంది. లోకంలో ఏది ప్రియమైనా ఆత్మ కొరకే ప్రియమవుతున్నదని ఆ ఉపదేశసారం. కనుక విడువవలసినది అహంకారమే గాని ఆత్మప్రీతి కాదు. ఈ రెండింటినీ కలిపివేయడమే నా పొరపాటు.

క్రీస్తుశకం 14వ శతాబ్దికి చెందిన శృంగేరి పీఠాధిపతి విద్యారణ్యస్వామి పేరుతో ప్రసిద్ధమైన పంచదశిలో, పన్నెండవ ప్రకరణం ఈ విషయాన్నే విచారిస్తుంది. రోగంతోనో క్రోధంతోనో పీడితుడైనవాడు మరణాన్ని కోరుకొంటాడు గదా, అప్పుడు ఆత్మయందు ద్వేషం ఉన్నట్లే కదా అని అక్కడ పూర్వపక్షం. ద్వేషం త్యజింపదలచిన దేహం మీదనే గాని, త్యజింపదలచిన తన మీద కాదని సమాధానం. దీనిని దేహత్యాగానికి అనుమతిగా భావించరాదు. అంటే తనపై తనకు అసహ్యం అనుకొనేవాడు సైతం నిజానికి బాధ నుండి తనను రక్షించుకోగోరుతున్నాడు. అసహ్యం అడుగున ఉన్నది ప్రీతియే. ఆరువందల ఏండ్లకు పూర్వమే ఆ యువకుని మాటకు సమాధానం సిద్ధంగా ఉన్నది. నేనే దానిని అందించలేకపోయాను.

ఇక రెండవ ధార కృతజ్ఞత. మన వైదికులు దీనిని ఋణమనే భావనతో గ్రహించారు. తైత్తిరీయసంహిత ఋషిఋణం, దేవఋణం, పితృఋణం అని మూడింటిని చెప్పింది. శతపథబ్రాహ్మణం వీటికి మనుష్యఋణాన్ని కూడ చేర్చింది. నేటికీ ఉపకారం పొందిన తెలుగువాడు "మీకు ఋణపడి ఉంటాను" అంటాడు. ఆ మాటలో శ్రుతిధ్వని వినబడుతుంది. ఇక కృతఘ్నుని విషయం శ్రీమద్రామాయణం కిష్కింధాకాండలో లక్ష్మణస్వామి సుగ్రీవునికి స్పష్టం చేశాడు. ఇతర మహాపాపాలకు ప్రాయశ్చిత్తం విహితమైనదట, కృతఘ్నతకు లేదట.

ఈ ఋణాలను తీర్చే మార్గం పంచమహాయజ్ఞాలు. వాటిని విధించిన తైత్తిరీయారణ్యకం ద్వితీయ ప్రపాఠకంలో అతి విశేషమైన కరుణ ఉన్నది. దేవయజ్ఞానికి ఒక్క సమిధ చాలును. పితృయజ్ఞానికి నీరైనా చాలును. బ్రహ్మయజ్ఞానికి ఒక్క ఋక్కు చాలును. శతపథం అతిథికి పాత్రెడు నీరిచ్చినా మనుష్యయజ్ఞమే అంటుంది. అనుష్ఠానం స్వల్పమైనా నిత్యమైతే పరిపూర్ణమని దీని తాత్పర్యం. 'మాకు సమయం లేదండీ' అనే వారికి శ్రుతి ముందుగానే సమాధానం చెప్పి ఉంచింది.

అదే ప్రపాఠకంలోని సంధ్యోపాసనలో ఈ రెండు ధారలూ కలుస్తాయి. అర్ఘ్యజలం విడిచి, ఉదయిస్తున్న ఆదిత్యుని బ్రహ్మముగా ధ్యానిస్తాము. ఆ బ్రహ్మమే తన స్వరూపమని భావన చేస్తాము. ప్రకాశమిచ్చిన దేవతకు నమస్కారం కృతజ్ఞత. ఆ ప్రకాశం నాలోనూ ఉన్నదనే స్మరణ ఆత్మప్రీతి. పదేండ్ల ప్రాయంలో పాఠశాలలో చలికి వణుకుతూ అర్ఘ్యం విడిచినప్పుడు నాకీ అర్థం తెలియదు. త్వరగా ముగించాలనే ఆత్రమే ఉండేది.

మరునాడు ప్రాతఃకాలార్చన కాగానే ఆ యువకుని ఇంటికి వెళ్లాను. ముందుగా, "రాత్రి నేను తప్పు చెప్పాను నాయనా" అన్నాను. అతని తండ్రిగారితో మాట్లాడి, వైద్యుని వద్దకు తీసుకొనిపొమ్మని చెప్పాను. మనోవ్యాధికి ఔషధం అవసరమైనచోట ధ్యానం దానికి తోడే గాని బదులు కాదు. పిమ్మట మూడు చిన్న అనుష్ఠానాలు చెప్పాను. వీటికి ఉపనయనంతో గాని, స్త్రీపురుషభేదంతో గాని పనిలేదు.

నిద్ర లేవగానే పాదం మోపకముందు భూమాతను తలచి క్షమాపణ వేడుకొనడం. స్నానానంతరం సూర్యునికి అభిముఖంగా పది శ్వాసల సేపు నిలిచి, ఆ వెలుగు తన హృదయంలోనూ ఉన్నదని భావించడం. శయనించేముందు ఆ దినం తనకు అన్నం పెట్టినవారిని, విద్య చెప్పినవారిని, ఒక మంచి మాట పలికినవారిని ఒక్కొక్కరుగా స్మరించడం.

మొదటి వారం అతడు రాత్రి స్మరణలో ఒక్క పేరు కూడ తలచలేకపోయాడట. తరువాత ఒకనాడు వచ్చి, "నిన్న రాత్రి అమ్మ పేరు తలచుకొన్నానండీ" అన్నాడు. అతడింకా పరీక్షలో నెగ్గలేదు. కాని శనివారం ప్రదోషవేళ మంటపం ఊడ్చి దీపాలు వెలిగించేది అతడే.

స్వస్తి.