ఉస్మానియా విశ్వవిద్యాలయం

ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాదులో తార్నాక, విద్యానగర్, అడిక్‌మెట్, హబ్సిగూడల మధ్య వేయి ఎకరాలకు పైగా పరచుకున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరే దీనికీ వచ్చింది. ఆధునిక విశ్వవిద్యాలయాల్లో ఒక భారతీయ భాషను ఉన్నత విద్య అంతటికీ బోధనాభాషగా పెట్టుకుని మొదలైన తొలి సంస్థ ఇదే. ఆ భాష ఉర్దూ. మూడు దశాబ్దాలు నడిచి ఆ ప్రయోగం ఆగిపోయింది. ఇక్కడి చదువు ఎవరి భాషలో సాగాలి, చదివాక వచ్చే కొలువులు ఎవరికి దక్కాలి అన్న తగవు మాత్రం ఆగలేదు. ఈ సంస్థ చరిత్రలోని పెద్ద మలుపులన్నీ దాదాపు ఆ తగవులోంచే వచ్చాయి.

ఫర్మానా, తర్జుమా

హైదరాబాదు సంస్థానంలో అప్పటికే నిజాం కాలేజీ ఉంది. అయితే అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా, ఇంగ్లీషులో నడిచేది. 1917లో విద్యాశాఖ బాధ్యతలు కూడా చూస్తున్న కార్యదర్శి అక్బర్ హైదరీ నిజాంకు ఒక విజ్ఞాపన సమర్పించాడు. పరాయి భాషలో చదవడం వల్ల విద్యార్థి శక్తంతా బట్టీకే ఖర్చవుతోందని, విషయం మీదికి బుద్ధి పోవడం లేదని ఆయన వాదన. ఆ ఏడాది ఏప్రిల్ 26న, ఉర్దూలో బోధించే విశ్వవిద్యాలయం పెట్టాలని నిజాం ఫర్మానా జారీచేశాడు. ఇంగ్లీషును పూర్తిగా తీసెయ్యలేదు. అందరూ చదవాల్సిన ఒక పాఠ్యాంశంగా ఉంచారు.

ఫర్మానా వచ్చింది కానీ పుస్తకాలు లేవు. చరిత్ర, అర్థశాస్త్రం, రసాయనశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు అన్నిటికీ ఉర్దూలో పాఠ్యగ్రంథాలు కావాలి. అందుకే విశ్వవిద్యాలయం కంటే ముందే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టి, మౌల్వీ అబ్దుల్ హక్‌కు అప్పగించారు. తర్వాతి కాలంలో ప్రసిద్ధ కవి జోష్ మలీహాబాదీ కూడా అక్కడ ఉద్యోగం చేశాడు. సాంకేతిక పదాలను అరబ్బీ, పారశీకాల నుంచి తేవాలా, జనం నోట నలిగే మాటల నుంచి చేసుకోవాలా అని పండితులు ఏళ్ళ తరబడి తర్కించుకున్నారు. ఆ తర్కం సాగుతుండగానే వందల పుస్తకాలు అచ్చయ్యాయి. మన దేశంలో ఏ భాషలోనైనా ఉన్నత విద్య కోసం ఇంత పట్టుగా, ఇంత ఖర్చుపెట్టి జరిగిన పని అరుదు. తెలుగులో ఇంత స్థాయిలో జరగలేదనే చెప్పాలి.

1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని భవనాల్లో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి. తొలి ఏడాది 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. ఉర్దూలో చదివితే పై చదువులకు పనికిరారన్న అనుమానాన్ని తొలితరం విద్యార్థులే తీర్చేశారు. ఇక్కడ చదివిన రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, అక్కడినుంచి లైప్‌జిగ్‌కు వెళ్ళి హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి, తిరిగి వచ్చి ఉస్మానియాలోనే గణితం బోధించాడు. కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఈ విశ్వవిద్యాలయం విద్యార్థే.

ఈ ఘనతకు రెండో పక్క ఒకటుంది. సంస్థాన ప్రజల్లో సుమారు సగం మంది తెలుగువాళ్ళు. నాలుగో వంతు మరాఠీవాళ్ళు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్ళు పదో వంతుకు కాస్త పైన. హైదరీ వాదనను యథాతథంగా ఒప్పుకుంటే నల్లగొండ, కరీంనగర్ పల్లెల నుంచి వచ్చిన పిల్లవాడికి ఉర్దూ కూడా పరాయి భాషే. తెలుగు ఇక్కడ ఒక శాఖగా మాత్రమే ఉండేది. ఆ శాఖకు చాలాకాలం పెద్దగా ఉన్నవాడు రాయప్రోలు సుబ్బారావు. తర్వాతి తరంలో ఖండవల్లి లక్ష్మీరంజనం, బిరుదురాజు రామరాజు, సి. నారాయణరెడ్డి ఆ శాఖ నుంచే పేరు తెచ్చుకున్నారు. జానపద గేయాలను విశ్వవిద్యాలయ పరిశోధనకు తగిన వస్తువుగా నిలబెట్టినవాడు రామరాజు. తెలుగు కవిత్వానికి రెండో జ్ఞానపీఠం తెచ్చిన నారాయణరెడ్డి చిన్ననాటి నుంచి డిగ్రీ దాకా చదివింది ఉర్దూ మాధ్యమంలోనే.

అడిక్‌మెట్ నేల, ఆర్ట్స్ కాలేజీ

శాశ్వత ప్రాంగణానికి అడిక్‌మెట్ భూములను ఎంపిక చేశారు. స్థల నిర్ణయంలో స్కాట్లండుకు చెందిన నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ సలహా కూడా తీసుకున్నారు. ఈ నేలలో చాలా భాగం ఒకప్పుడు కవయిత్రి, నర్తకి మహలఖా బాయి చందా జాగీరు. పక్కనే ఉన్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఆవరణలో ఆమె కాలపు మెట్లబావి నేటికీ కనిపిస్తుంది.

భవనాల నమూనా కోసం సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులను దేశదేశాలు తిరిగి రమ్మని పంపారు. ఆ పర్యటనలోనే బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ దొరికాడు. అప్పటికి ఆయన కైరోలో పేరున్నవాడు. 1934 జులై 5న నిజాం శంకుస్థాపన చేశాడు. ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని 1939 డిసెంబరు 4న ప్రారంభించాడు. గులాబి రంగు గ్రానైటుతో కట్టిన ఈ భవనానికి ముందు ఎత్తైన కమాను, లోపల అజంతా, ఎల్లోరా గుహలను తలపించే స్తంభాలు. ఇస్లామీ, హిందూ నిర్మాణరీతులు ఒకే కట్టడంలో ఇమడాలన్నది రాజు కోరిక. కట్టడం వరకు అది నెరవేరింది. తరగతి గదుల్లో నెరవేరలేదని భవనం పూర్తి కాకముందే తేలిపోయింది.

వందేమాతరం నుంచి ఇంగ్లీషు దాకా

1938 నవంబరులో హాస్టల్ విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడారు. అధికారులు వద్దన్నారు. విద్యార్థులు వినలేదు. వందల మందిని కళాశాలల నుంచి తొలగించారు. వాళ్ళలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. హనుమకొండలో చదువుతూ వేటుపడి, చదువు కోసం నాగపూర్ దారి పట్టిన కుర్రవాడు పి.వి. నరసింహారావు. సంస్థానంలో జాతీయోద్యమానికి చదువుకున్న కార్యకర్తలను ఒక్కసారిగా ఇంతమందిని అందించిన ఘటన మరొకటి లేదు.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిశాక ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది. దీన్ని హిందీ మాధ్యమంలో నడిచే కేంద్ర విశ్వవిద్యాలయంగా మార్చాలన్న ప్రతిపాదన 1950ల మొదట్లో వచ్చి, వ్యతిరేకత ఎదురై వీగిపోయింది. ఉర్దూను తీసేసినప్పుడు తెలుగు ఎందుకు రాలేదన్న ప్రశ్నను అప్పట్లో గట్టిగా అడిగినవారు తక్కువ. అప్పటికి సంస్థానం పలు భాషలది కాబట్టి ఒకదాన్ని ఎంచుకోవడం కష్టమే. కానీ 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాక ఆ సాకు మిగల్లేదు.

ముల్కీ గొడవ, మూడు తరాల ఉద్యమాలు

భాష తగవు చల్లారకముందే కొలువుల తగవు రాజుకుంది. స్థానికేతరులకు ఉద్యోగాలు పోతున్నాయంటూ 1952లో జరిగిన ముల్కీ (స్థానికుల) ఆందోళనలో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. 1969లో అదే కోపం ప్రత్యేక తెలంగాణ ఉద్యమమైంది. ఉస్మానియా విద్యార్థి నాయకుడు మల్లికార్జున్ పేరు ఆ రోజుల్లో రాష్ట్రమంతా మోగింది. విద్యార్థులు ఒక చదువుల సంవత్సరాన్ని పోగొట్టుకున్నారు.

1972 ఏప్రిల్ 14న భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి, వామపక్ష నాయకుడు జార్జిరెడ్డి ప్రాంగణంలోనే హత్యకు గురయ్యాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇక్కడి విద్యార్థి రాజకీయాల్లో ఎడమకూ కుడికీ మధ్య గీత నెత్తుటితో పడిందనే చెప్పాలి.

2009 నవంబరు చివర్లో తెలంగాణ కోసం కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్ష, అరెస్టుల వెంట విద్యార్థి ఐక్య కార్యాచరణ సమితి (ఐకాస) రంగంలోకి దిగింది. ఎన్‌సీసీ గేటు దగ్గర బారికేడ్లు, బాష్పవాయువు, హాస్టళ్ళలోకి చొరబడిన లాఠీలు టీవీ తెరల మీద తెలుగునాట ఇంటింటికీ చేరాయి. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని డిసెంబరు 9న కేంద్రం ప్రకటన చేసింది. 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థి గర్జన సభ జరిగింది. ఉద్యమ సంయుక్త కార్యాచరణ సమితికి అధ్యక్షత వహించిన కోదండరాం అప్పట్లో ఇక్కడి రాజనీతిశాస్త్ర ఆచార్యుడే. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కొలువుల ప్రకటనల కోసం అదే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద మళ్ళీ ధర్నాలు మొదలవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ప్రాంగణంలో

ఆర్ట్స్ కాలేజీ మెట్లు ఇక్కడి రచ్చబండ. సభ అయినా, నిరసన అయినా, పట్టా చేతికొచ్చాక ఫొటో అయినా అక్కడే. తెల్లవారగానే చుట్టుపక్కల బస్తీల జనం నడకకు వస్తారు. పగలంతా గ్రంథాలయంలో గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకున్నవాళ్ళు బారులుగా కనిపిస్తారు. హాస్టళ్ళలో నాన్‌బోర్డర్లని ఒక తెగ ఉంది. గది తమ పేరున ఉండదు, కోర్సు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. స్నేహితుడి గదిలో చాప, మెస్‌లో అతనితో పంచుకున్న భోజనం, చేతిలో కరెంట్ అఫైర్స్. అధికారులకు వీళ్ళు నిత్య తలనొప్పి. కానీ ఊరికి తిరిగి వెళ్ళడానికి మొహం చెల్లని మొదటితరం చదువరికి నగరంలో ఇంతకంటే చవకైన నీడ లేదు. పెద్ద ఉద్యమాల్లో ముందు నిలిచినవాళ్ళలోనూ వీళ్ళు చాలామంది. 2012 ఏప్రిల్‌లో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర (గొడ్డుమాంసం) పండుగ జరిపినప్పుడు ప్రాంగణంలో ఘర్షణలు రేగాయి. హాస్టల్ మెస్‌లో ఏం వండాలన్నది కూడా ఇక్కడ రాజకీయమే.

విశ్వవిద్యాలయం నుంచి చీలిన శాఖలు చాలా ఉన్నాయి. వరంగల్ పీజీ కేంద్రం 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన జి. రాంరెడ్డి 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యాడు. పాత బ్రిటిష్ రెసిడెన్సీలో నడిచిన కోఠి మహిళా కళాశాల 2022లో విడివడి మహిళా విశ్వవిద్యాలయమైంది. 1919లోనే చేతికొచ్చిన నిజామియా నక్షత్రశాలకు కొనసాగింపుగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నెలకొల్పారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. ప్రాంగణం అంచున లోకల్ రైలు ఆగే ఒక స్టేషను పేరు ఆర్ట్స్ కాలేజీ. దాని పక్కది ఇంకా పాత ఉర్దూ పేరుతోనే ఉంది, జామియా ఉస్మానియా అని.