వెనిస్ ఉప్పుకయ్యలో విహార నౌకలు

విహార నౌకల వలన కలిగే చేటును తగ్గించడమెట్లా అన్న చర్చ ఎక్కడ మొదలైనా వెనిస్ ప్రస్తావన రాక మానదు. 2021 ఆగస్టు 1 నుండి ఇటలీ ప్రభుత్వం సాన్ మార్కో ముంగిటి జలాలలోను, జుదెక్కా కాలువలోను 25,000 టన్నులు మించిన ఓడలను, 180 మీటర్లకు మించి పొడవైనవాటిని నిషేధించింది. (ఈ టన్నులు బరువు కాదు, ఓడ లోపలి పరిమాణానికి కొలత.) లోకం మెచ్చుకొన్నది. ఆ నగర పూర్వచరిత్ర చదివిన నాకు ఆ మెప్పు సగమే చెల్లుతుందనిపిస్తుంది.

వెనిస్ నిలిచినది లగూన్ నడుమ. దానిని ఉప్పుకయ్య అంటాను. మన పులికాట్‌ను, దానికి అడ్డుగా ఉన్న శ్రీహరికోటను తలచుకొంటే స్వరూపం బోధపడుతుంది: సముద్రానికి అడ్డంగా సన్నని ఇసుక తిన్నెలు, నడుమ ముఖద్వారాలు, లోపల చాలాచోట్ల నడుములోతు నీరు. నదుల ఒండ్రుతో పూడినా ముప్పే, సముద్రం కోసుకుపోయినా ముప్పే. వెనిస్ గణతంత్రానికి ఆ నీరే కోట, ఆ నీరే రేవు. అందుకే 1501లో జలవ్యవహారాలకు ప్రత్యేకాధికారులను నియమించారు. బ్రెంటా, పియావే, సీలే నదులను మళ్ళించి కయ్యకు వెలుపల సముద్రంలో కలిపారు. అది ఏ ఒక్క తరం పనీ కాదు. 1744లో ఆరంభించి 1782 దాకా సముద్రపు వైపున రాతిగోడలు కట్టారు. పదిహేనేళ్ళకే నెపోలియను చేతిలో ఆ రాజ్యం అంతరించింది. గోడలు నేటికీ ఉన్నాయి.

1960వ దశకంలో మార్ఘేరా కర్మాగారాలకు చమురు ఓడలు చేరడానికి మలమొక్కో ముఖద్వారం నుండి లోతైన కాలువ తవ్వారు. నడుములోతు నీటిలో పది మీటర్లు మించిన కందకం! పెద్ద ఓడ కదిలినప్పుడల్లా అది త్రోసిన నీరు ఇరుప్రక్కల బురదమేటలను కోస్తుంది. లేచిన ఒండ్రు ఆటుతో సముద్రం పాలవుతుంది. పూర్వులు పూడికకు భయపడ్డారు, ఇప్పటి భయం కోత.

2012 జనవరి 13న జీల్యో దీవి వద్ద కోస్తా కొంకోర్డియా ఒరిగి 32 మంది మరణించారు. ఆపై 40,000 టన్నుల పరిమితి ప్రకటించారు గాని, వెనిస్‌లో వేరు దారి ఏర్పడేదాకా అమలు లేదన్నారు. 2019 జూన్ 2న ఎమ్మెస్సీ ఒపేరా అదుపు తప్పి జుదెక్కా గట్టునూ, ఆగి ఉన్న పర్యాటక నౌకనూ గుద్దింది. ఆ తరువాత గాని 2021 నాటి నిషేధం రాలేదు.

నిషిద్ధమైన ఓడలు ఎటు వెళ్ళాయి? కొన్ని ఇతర రేవులకు. కొన్ని మార్ఘేరాకు, అంటే ఆ చమురు కాలువ గుండానే. గోపురాలను మించిన ఓడ కంటికి అడ్డురావడం తప్పింది; కయ్య అడుగున కోత తప్పలేదు. రేవులో ఇంజన్లు ఆపి గట్టు నుండి విద్యుత్తు తీసుకొనే పద్ధతి విహార నౌకలకు 2001లో అలాస్కాలోని జూనోలో మొదలైంది. గాలికి మేలే, కాని కోతకు అది మందు కాదు. 1501 నాటి అధికారులైతే ఓడ ఎత్తుకన్న ముందు అది త్రోసే నీటి లెక్క అడిగేవారని నా ఊహ. పెద్ద ఓడలను కయ్య బయటనే నిలపడమొక్కటే నాకు తోచిన మార్గం. అట్టి రేవుకై 2021లో ఇటలీ ప్రభుత్వమే ఆలోచనలు ఆహ్వానించింది కూడా. మరొకవైపు విట్టోరియో ఎమనువేలే కాలువను లోతు చేసి, మార్ఘేరా వైపు నుండి ఓడలను పాత రేవుకే చేర్చాలన్న ప్రతిపాదనా వచ్చింది. అనగా ఇంకొక కందకం.