గుడంబా, మురబ్బా, జాం

ముస్లింల తిండి అనగానే బిర్యానీ అంటారు. కాస్త తెలిసినవాళ్లయితే హలీం అంటారు, షీర్ ఖుర్మా అంటారు. రంజాన్ నెల రాగానే పత్రికలవాళ్లు చేటలంత అచ్చేసేదీ అదే. మాంసం చుట్టూ తిరిగే ఈ మాటల్లో మెచ్చుకోలు ఎంతుందో ఏవగింపూ అంతే ఉంది. మా ఇళ్లలో అటక మీద, పింగాణీ జాడీల్లో, మూతికి గుడ్డతో వాసెన కట్టి దాచిన తీపి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. నిజం చెప్పాలంటే మాకూ పట్టలేదు. అది ఆడవాళ్ల పని. ఆడవాళ్ల పనికి మన దగ్గర చరిత్ర రాసే అలవాటు లేదు.

గండికోట చరిత్ర చూడండి. జమ్మలమడుగు నుంచి కూతవేటు దూరం. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోటను పెమ్మసాని నాయకుల నుంచి పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అక్కడికొచ్చి ఆయన్ను కలిశాడు. ఫిరంగులు పోయించడానికి గుళ్లలోని రాగి విగ్రహాలను తెప్పించి కరిగించారని కూడా ఆయనే రాశాడు. అది దాచాల్సిన పని లేదు. కానీ ఆ మీర్ జుమ్లా ఎవరు? ఇరాన్‌లో ఇస్ఫహాన్ దిక్కు నుంచి వచ్చినవాడు. నాలుగేళ్లు తిరక్కుండానే గోల్కొండను వదిలి మొగలాయిల కొలువులో చేరి, చివరికి 1663లో అస్సాం దండయాత్ర నుంచి తిరిగొస్తూ ఢాకా దగ్గర చచ్చిపోయాడు. వచ్చినవాడు వచ్చినట్టే పోయాడు. ఉన్నవాళ్లం మేం. దూది ఏకినవాళ్లం, మగ్గం నేసినవాళ్లం, జట్కా తోలినవాళ్లం, పెన్నా ఇసుకలో దోసతీగెలకు చెలమ నీళ్లు మోసినవాళ్లం. ఆ ఫిరంగుల లెక్క మాత్రం ఇప్పటికీ మా ఖాతాలోనే రాస్తున్నారు.

ఇక హైదరాబాదు సంగతి. మా వాళ్లలో కొందరికి నవాబీ పిచ్చి ఉంది. పెండ్లి కార్డు మొదలు ఖుబానీ కా మీఠా దాకా అంతా అసఫ్‌జాహీల వారసత్వమే అన్నట్టు మాట్లాడతారు. కడప సీమను మయానా నవాబుల చేతుల్లోంచి 1779లో హైదర్ అలీ తీసుకున్నాడు. 1792లో టిపూ ఓడినాక అది నిజాం వాటాకు పోయింది. 1800లో నిజాం దాన్ని కుంపిణీకి రాసిచ్చేశాడు. అంటే నిజాం నేరుగా ఏలింది ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లలో ఒక మామిడిచెట్టు కాపుకొస్తుందేమో గానీ ఒక వంటిల్లు తయారు కాదు. ఎండబెట్టిన ఆప్రికాట్ పండు ప్రొద్దుటూరు బజారులో ఎవరు చూశారు? మా దగ్గర ఉన్నది మామిడికాయ, బెల్లం.

ఆ రెండిటితో చేసేదే గుడంబా. ఎండాకాలం గాలివానకు రాలిన పచ్చికాయలు, అమ్మకానికి పనికిరానివి, తొక్క తీసి ముక్కలు కోసి కాస్త నేతిలో తిప్పి నీళ్లు పోసి ఉడకేస్తారు. బెల్లం కరగబెట్టి మడ్డి లేకుండా వడగట్టి అందులో పోస్తారు. చిక్కబడడానికి కొందరు వేయించిన పిండి చెంచాడు కలుపుతారు. ఏలకులు ఉంటే వేస్తారు, లేకపోతే లేదు. రొట్టెలోకి, చపాతీలోకి, చివరికి వట్టిగా నాకడానికి కూడా. చక్కెర మురబ్బా లాగా ఏడాది ఉండదు. నీటి పాలు ఎక్కువ కాబట్టి నాలుగు రోజులకే బూజు మీదికొస్తుంది. పిల్లలున్న ఇంట్లో అంతదాకా రాదనుకోండి.

గుడ్ అంటే బెల్లం, అంబా అంటే మామిడి. మరాఠీవాళ్లు గుళాంబా అంటారు, చక్కెరతో చేస్తే సాఖరాంబా అంటారు. దక్కను పొడుగునా ఇది ఒకటే వంట, మతం లేని వంట. తెలంగాణ మిత్రుల ముందు మాత్రం ఈ పేరు చెప్పేటప్పుడు జాగ్రత్తపడాలి. వాళ్లకు గుడుంబా అంటే నాటుసారా. మా అవ్వలు గుడంబా చేసేవాళ్లని చెబితే ఎగాదిగా చూస్తారు.

అన్నట్టు, ఇదే వంట మా అందరి ఇళ్లలో ఇదే పేరుతో లేదు. ఉర్దూ మాట్లాడే సయ్యద్ల, పఠాన్ల ఇళ్లలో ఇది గుడంబా. తెలుగు తప్ప వేరే రాని దూదేకుల ఇళ్లలో ఇది బెల్లం మామిడికాయ, అంతే. వస్తువు ఒకటే, గిన్నె ఒకటే. కానీ ఉర్దూ పేరున్న తీపి ఖాందానీ అయింది, తెలుగు పేరున్న తీపి మోటుదయింది. ప్రొద్దుటూరు పత్తికి పేరుమోసిన ఊరు. ఆ దూది దుమ్ము మింగిన నూర్‌బాషాలను సాటి ముస్లింలే చాలాకాలం పిల్లనిచ్చి పుచ్చుకోని మనుషులుగా చూశారు. బయటివాళ్లు మమ్మల్ని పరాయివాళ్లన్నప్పుడు మనం అందరం ఒకటే అని గుండెలు బాదుకుంటాం. మరి మన దస్తర్‌ఖాన్ మీద ఎవరి గిన్నె ఎక్కడ పెట్టామో కూడా చెప్పుకోవాలి కదా!

మురబ్బా వేరు. దానికి చక్కెర కావాలి, ఓపిక కావాలి. ఉసిరికాయలను ఫోర్కుతోనో దబ్బనంతోనో ఒళ్లంతా పొడిచి, పటిక నీళ్లలోనో సున్నపు తేట నీళ్లలోనో నానబెట్టి, వగరు పోయేదాకా కడిగి, ఉడికించి, తీగపాకంలో వేయాలి. మరునాటికి కాయలోని నీరు పాకంలోకి వచ్చి పలచబడుతుంది. మళ్లీ కాచాలి. అలా రెండు మూడు రోజులు. పాకం చిక్కబడే కొద్దీ పురుగుకూ బూజుకూ బతకడానికి నీరు దొరకదు. అదే దాని రహస్యం. కంట్రోలు దుకాణంలో మనిషికింత అని కొలిచి పోసే చక్కెర మీద బతికిన ఇళ్లు అంత పాకం ఎక్కడ తెస్తాయి? అందుకే మురబ్బా చాలామందికి తిండి కాదు, మందు. గుండె దడకు ఉసిరి మురబ్బా, కడుపు పనిచేయకపోతే కరక్కాయ మురబ్బా అని హకీం చెబితే తెచ్చుకునేది. తీపి కోసం రోగం నటించిన పిల్లలు ప్రతి వాడలోనూ ఉంటారు.

మురబ్బా అరబ్బీ మాట. పెంచినది, సాకినది అని అర్థం. తర్బియత్ అంటాం చూడండి, పిల్లలకు నేర్పే పెంపకం, రెండూ ఒక ధాతువులోంచి వచ్చినవే. పాకంలో పెరిగిన కాయ అన్నమాట. ఇక్కడ మా వీధి చివర నిలబడి, ఇదిగో మాట అరబ్బీ, మనిషి అరబ్బీ, పొమ్మనడానికి ఎదురుచూసేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మురబ్బా కాక అరబ్బులు ఇలాంటి వాటికి వాడిన మాట ఇంకొకటి ఉంది: అన్‌బిజాత్. 13వ శతాబ్దం చివర ఇబ్న్ మన్జూర్ కూర్చిన లిసానుల్ అరబ్ అనే పెద్ద నిఘంటువు దాని పుట్టుక చెబుతుంది. అన్‌బజ్ అనేది హిందూ దేశపు చెట్టు కాయట. లోపల టెంక ఉంటుందట. తేనెలో ఊరబెట్టి ఇరాకుకు తెచ్చేవారట. దాన్ని బట్టే మాదీఫలం, కరక్కాయ లాంటి వాటిని తేనెలో ఊరబెట్టినా అన్‌బిజాత్ అనడం మొదలైందట. అన్‌బజ్ అంటే మన అంబ్, మామిడి! గుడంబాలోని అంబా ఏదో బాగ్దాదు అంగళ్లలోని అన్‌బిజాత్ కూడా అదే. అరబ్బులు తమ తీపి జాడీలన్నిటికీ మన మామిడి పేరు పెట్టుకున్నారు. కరక్కాయ హలీలా అయింది, త్రిఫల ఇత్రీఫల్ అయింది. యూనానీ హకీం చీటీలో చరకుడున్నాడు, ఆచారి గారి లేహ్యం పక్కనే మాజూన్ ఉంది. ఇందులో ఎవరు ఎవరికి రుణపడ్డారో తేల్చే తక్కెడ నా దగ్గర లేదు. తేల్చామని చెప్పేవాళ్ల తక్కెడను మాత్రం నేను నమ్మను.

చక్కెర కథా అంతే. సంస్కృత శర్కర పారశీకంలో షకర్ అయి, అరబ్బీలో సుక్కర్ అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు షుగర్ అయింది. ఖండం ఖంద్ అయింది, దాంట్లోంచే క్యాండీ. ప్రొద్దుటూరు బజారులో మీఠా పాన్ కట్టించుకునే ప్రతి వైశ్యుడూ ప్రతి రెడ్డీ నములుతున్న గుల్‌ఖంద్‌లో సగం పారశీకం, సగం సంస్కృతం. గులాబీ రేకులు పొరగా, చక్కెర పొరగా వేసి వారాల తరబడి ఎండలో పెడితే రెండూ కరిగి ముద్దవుతాయి. ఆ ముద్దను మళ్లీ విడదీసి చూపించమనండి.

పులివెందుల దిక్కు చీనీ తోటలు చూసినవాళ్లకు ఇంకో తమాషా. సీమలో మేం చీనీ అనేది బత్తాయిని. ఉర్దూలో చీనీ అంటే చక్కెర. రెండూ చైనా పేరు మోస్తున్నవే. నారింజ అయితే ద్రావిడ భాషల్లో పుట్టిన మాటేనని చాలామంది భాషావేత్తలు అంటారు. అది నారంగ్ అయి, నారంజ్ అయి, ఆరెంజ్ అయింది. అరబ్బులు పుల్ల నారింజను స్పెయిన్‌కు తీసుకుపోయి నాటారు. ఆ స్పెయిన్ నారింజలతోనే స్కాట్లాండులోని డండీ ఊళ్లో 1797లో కీలర్ కుటుంబం మార్మలేడ్ వ్యాపారం మొదలుపెట్టింది. దొరల పొద్దుటి బల్ల మీది సీసాకు అంత వంశవృక్షం ఉంది. మూడేళ్లకు మన సీడెడ్ జిల్లాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా స్కాట్లాండు వాడే. ఆయన రొట్టెకు ఏం పూసుకున్నాడో నాకు పట్టదు గానీ, వేంపల్లె దగ్గర గండిలో ఆయనకు బంగారు తోరణం కనిపించిందని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. పుణ్యాత్ములకే కనిపించే తోరణమట. ఓడెక్కి వచ్చి శిస్తు వసూలు చేసిన దొర మన పుణ్యాత్ముడయ్యాడు. మంచిదే. ఇక్కడ పుట్టి ఇక్కడే గోరీలో పడుకునేవాణ్ణి మాత్రం, మీదేవూరు, అసలు ఊరు, అని అడుగుతారు.

సీసా జాం వచ్చాక కథ మారింది. కిసాన్ జాం ఎర్రసీసా తెలియని పిల్లలున్నారా! దాని పుట్టుక కూడా మాలాంటిదే. 1930లలో పంజాబులో మిచెల్ అనే దొరల పండ్లతోటల నుంచి మొదలైంది. దేశం రెండయ్యాక తోటలూ ఫ్యాక్టరీ రేనాలా ఖుర్ద్‌లో పాకిస్తాన్ వైపు మిచెల్స్ పేరుతో ఉండిపోయాయి. కిసాన్ పేరు ఇటు మిగిలింది. 1950లో విఠల్ మాల్యా కంపెనీ చేతికి, 1993లో బ్రూక్‌బాండ్ చేతికి, అక్కణ్ణుంచి హిందుస్తాన్ లీవర్ చేతికి పోయింది. జాంను నీ దేశం ఏదని ఎవరూ అడగలేదు. రొట్టెకు పూసుకుని తిన్నారు, బాగానే ఉంది.

నాకు జాం మీద కోపం లేదు. 1955 నాటి పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు ప్రకారం జాంలో నూటికి 45 పాళ్లు పండు ఉండాల్సి ఉండేది. కరిగిన ఘనపదార్థం 68 పాళ్లకు తగ్గకూడదని ఉండేది. అంటే మా అవ్వల తీగపాకాన్నే అంకెల్లో రాశారన్నమాట. జామకాయలో, పచ్చి మామిడిలో గడ్డకట్టించే పెక్టిన్ బాగా ఉంటుంది కాబట్టి వాటితో జెల్లీ బాగా కుదురుతుంది. జాం అంటే జామతో చేసేదనుకునే తెలుగు పిల్లల తప్పేమీ లేదు. నా బాధ వేరే. పులివెందుల అరటి, చీనీ లారీలకెక్కి పచ్చిగానే ఊరు దాటుతాయి. ధర పడిపోయిన ఏడాది చీనీకాయలను రోడ్డు పక్కన పారబోసిన దృశ్యం సీమలో కొత్త కాదు. ఆ ఊరి అంగట్లోనే ఎక్కడిదో మిక్స్‌డ్ ఫ్రూట్ సీసా కొని పిల్లవాడికి ఇస్తారు. గుడంబా చేయడం రాని కోడలికి ఇప్పుడు ఎవరూ పేరు పెట్టరు. ఉసిరి మురబ్బా ఉత్తరాది డబ్బాల్లో వస్తుంది.

గుడంబా మాత్రం డబ్బాలోకి ఎక్కలేదు. నాలుగు రోజులకే చెడిపోయేదాన్ని ఏ కంపెనీ సీసాలో నింపుతుంది? మామిడికాయ రాలే కాలంలో, బెల్లం ఇంట్లో ఉన్నప్పుడు, చేసేవాళ్లు చేస్తున్నారు. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడి ముందు ముస్లిం ఆడవాళ్లు వరుసలో నిలబడతారు. బీబీ నాంచారి మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అంటారు. ఇది షిర్కు అని కేకలేసే మౌల్వీలున్నారు, ఇదంతా నాటకమనే అటుపక్కవాళ్లూ ఉన్నారు. వాళ్లు పోవడం మానలేదు. ఆ పూట పక్కింటి నుంచి ఉగాది పచ్చడి గిన్నె వస్తుంది: పచ్చి మామిడి, కొత్త బెల్లం, వేపపూత. అదే మామిడి, అదే బెల్లం మా పొయ్యి మీద ఉడుకుతూ ఉంటుంది. వేపపూత మేం వేయం. వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు కాబట్టి గుడంబా నింపి పంపుతారు.